వరి మడిలో దిగిన ఏటీవీ: బెల్టు మాడిన వాసన, వేడి లైటు. ఏం చూసుకోవాలె?

ప్రశ్న (దేవరకొండ దిక్కు నుంచి)

అన్నలకు నమస్తే. బత్తాయి తోటల ఎరువు బస్తాలు, డ్రిప్పు పైపులు, కాయ గంపలు మోయడానికి ఏటీవీ (నాలుగు లావు టైర్ల చిన్న బండి) వాడుతున్నం. సింగిల్ సిలిండర్, 500 సీసీ తరగతి. రేడియేటర్ ఉన్నది, బెల్టు మీద నడిచే ఆటోమేటిక్, హై, లో రెండు గేర్లు. మొన్నటి వానలప్పుడు దమ్ము చేసిన వరి మడిలకెల్లి దాటించినం. నీళ్ళు ఫుట్‌రెస్టుల మీదికి వచ్చినయి. అప్పటి నుంచి యాక్సిలేటర్ నొక్కితే ఇంజన్ గట్టిగ మొత్తుకుంటది గని బండి గుంజుతలేదు. ఎడమ దిక్కు ప్లాస్టిక్ కవర్ నుంచి రబ్బరు మాడిన వాసన వస్తున్నది. పది నిమిషాలు తోలితే టెంపరేచర్ లైటు పడుతది, ఫ్యాన్ ఆగకుండ తిరుగుతది. బెల్టు మార్చాలె అంటున్నరు. మారిస్తే సరిపోతదా? ఇంటి కాడ మేం చేసుకునేది ఏమన్న ఉంటే చెప్పుండ్రి.

జవాబు (నల్లగొండ నుంచి)

తమ్మీ, బెల్టు ఇప్పుడే కొనకు. అది ఎందుకు మాడిందో తెల్వకుండ కొత్తది ఏస్తే అది గూడ మాడుతది. నీ బండికి రెండు రోగాలున్నయి: బెల్టు గదిలకు నీళ్ళు, బురద పోయినయి, రేడియేటర్ మూసుకపోయింది. రేడియేటర్ సంగతి తెలిసినోళ్ళు చెప్తరు, నేను బెల్టు గురించి చెప్త.

ఈ బెల్టు రెండు పుల్లీల నడుమ ఒత్తిడి మీదనే నడుస్తది. తడి తగిలితే జారుతది, జారితే రాపిడికి కాలుతది. ఉత్త నీళ్ళే పోతే ఇప్పకుండనే ఆరబెట్టొచ్చు. కవర్ అడుగున చిన్న డ్రెయిన్ ప్లగ్గు ఉంటది, అది తీసి నీళ్ళు కారనియ్యాలె. న్యూట్రల్‌ల పెట్టి, పార్కింగ్ బ్రేకు ఏసి, సగం యాక్సిలేటర్ మీద ఎనిమిది పది సెకన్లు తిప్పి వదలాలె. నీళ్ళు చిమ్ముడు ఆగేదాక అట్ల నాలుగైదు సార్లు చేయి. నిండా యాక్సిలేటర్ నొక్కి పట్టొద్దు. కని నీది దమ్ము నీళ్ళు. అండ్ల మన్ను ఉంటది, అది పుల్లీల ముఖాలను ఎమరీ పేపరు లెక్క గీకుతది. నువ్వు కవర్ ఇప్పాల్సిందే.

బండి పూర్తిగ చల్లారినంక, తాళం తీసేసి, బ్యాటరీ మైనస్ వైరు ఇప్పు. కవర్ బోల్టులు ఎక్కువ బండ్లల్ల 8 లేకుంటే 10 నంబరు పానాకు వస్తయి. కొన్ని పొడుగువి, కొన్ని పొట్టివి. అట్ట ముక్క మీద కవర్ బొమ్మ గీసి, ఏ బోల్టు ఏడ ఉండెనో ఆడనే గుచ్చి పెట్టుకో. పొట్టి బోల్టు జాగల పొడుగుది ఎక్కిస్తే లోపలి మరలు పోతయి.

ఇప్పంగనే తుడవకు, ముందుగాల మంచిగ చూడు. సన్నటి నల్ల పొడి కొంచెం ఉంటే అది బెల్టు అరుగుదల, భయం లేదు. దారాలు ఏలాడుతున్నయంటే బెల్టు పని అయిపోయినట్టే. నూనె తడి కనిపిస్తే ఇంజన్ దిక్కు సీలో, గేర్‌బాక్స్ దిక్కు సీలో కారుతున్నదన్న మాట. ఆ సీలు మార్చకుండ ఎన్ని బెల్టులు ఏసినా జారుడు పోదు.

బెల్టు తీయడానికి వెనక పుల్లీని ఎడల్పు చేసే బోల్టు టూల్ కిట్‌ల వస్తది. అది తిప్పితే పుల్లీ రెండు ముఖాలు దూరం జరుగుతయి, బెల్టు లోపలికి దిగి వదులవుతది, అప్పుడు పక్కకు దొర్లించి తీయాలె. స్క్రూడ్రైవర్ పెట్టి ఎత్తొద్దు. పుల్లీ మీద గీత పడితే ఆ గీతనే బెల్టును కోస్తది. బాణం గుర్తు ఎటు దిక్కు ఉన్నదో చూసుకో. గుర్తు చెరిగిపోతే సుద్దతోని నువ్వే పెట్టుకో, మళ్ళ అదే దిక్కుకు ఎక్కాలె.

తీసినంక మూడు చూడు. ఒకటి, బెల్టును ఎనకకు వంచి పండ్ల మొదట్ల పగుళ్ళు ఉన్నయా అని. రెండు, పక్కల మెరుపు ఎక్కి అద్దం లెక్క అయిందా అని. మూడోది అసలుది: ఒక్కటే జాగల నడుము సన్నబడ్డట్టు గుంట పడిందా అని. బండి బురదల ఇరుక్కొని కదలకున్నా యాక్సిలేటర్ నొక్కి పట్టినప్పుడు ముందు పుల్లీ ఒకే చోట రుద్ది ఆ గుంట చేస్తది. వెర్నియర్ (సన్న కొలతలు తీసే పనిముట్టు) ఉంటే ఎడల్పు కొలిచి మాన్యువల్‌ల ఇచ్చిన లిమిట్‌తోని పోల్చు.

పుల్లీలను బ్రేక్ క్లీనర్ గని అసిటోన్ గని గుడ్డకు అద్ది తుడువు. మొండి మరకలు ఉంటే గిన్నెలు తోమే ఆకుపచ్చ స్క్రబ్బర్‌తోని మెల్లగ రుద్దు. పెట్రోల్ వాడొద్దు, అది జిడ్డు వదుల్తది, నిప్పు భయం వేరే. గ్రీజు, డబ్ల్యూడీ-40 నూనె స్ప్రే అసలే ముట్టియ్యొద్దు. బెల్టును గోరువెచ్చని సబ్బు నీళ్ళతోని కడిగి నీడకు ఆరబెట్టు.

ఇగ నీళ్ళు ఎట్ల పోయినయో పట్టుకోవాలె. బెల్టు గదికి గాలి పీల్చే పైపు, వదిలే పైపు ఉంటయి. పీల్చే పైపు మూతి హ్యాండిల్ దగ్గర ఎత్తుల ఉంటది. ఆ పైపుల జాయింట్లు, క్లిప్పులు వదులున్నయా, కవర్ రబ్బరు గాడిల సరిగ కూసున్నదా, డ్రెయిన్ ప్లగ్గు అసలు ఉన్నదా, అన్నీ చూడు. చాలా రోజులు షెడ్డుల నిలబెట్టిన బండి అయితే పైపు మూతిల కందిరీగలు మన్ను గూడు పెడ్తయి. గాలి ఆడక బెల్టు వేడెక్కి మాడడానికి అదొక్కటి చాలు. వైరుతోని పొడిచి లోపలికి నెట్టొద్దు, పైపు ఊడదీసి కడుగు.

జవాబు (మిర్యాలగూడ నుంచి)

మా ఆయకట్టుల ఈ రేడియేటర్ తిప్పలు ప్రతి నాట్ల సీజన్‌ల చూస్తం. ఫ్యాన్ ఆగకుండ తిరుగుతున్నదంటే ఫ్యాన్, సెన్సర్ మంచిగనే ఉన్నట్టు. గాలి జాలిలకెల్లి దాటుతలేదు. ముందల్నుంచి చూస్తే శుభ్రంగనే కనిపిస్తది, మన్ను వెనక దిక్కు ఫ్యాన్‌కు, జాలికి నడుమ గట్టిపడి ఉంటది. నల్లరేగడి అయితే ఆరినంక ఇటుక లెక్కనే.

ముందల గ్రిల్లు, ఫ్యాన్ గూడు ఇప్పండి. ఇప్పకుండ కడిగితే బురద ఇంక లోపలికి పోతది. తడి గోనె సంచి జాలి మీద కప్పి గంట నాననియ్యండి. తర్వాత తోట పైపుతోని, తక్కువ జోరు మీద, ఫ్యాన్ దిక్కు నుంచి ముందరికి నీళ్ళు కొట్టాలె. ట్రాక్టర్లు కడిగే ప్రెషర్ గన్ను వద్దు, అల్యూమినియం రేకులు వంగిపోయి గాలి దారి పూర్తిగ బందైతది. అవతల దిక్కు బల్బు పెట్టి చూస్తే వెలుగు అంతటా సమానంగ రావాలె. వంగిన రేకులను చిన్న చాకు మొనతోని ఓపికగ నిలబెట్టొచ్చు.

లోపల పోసేది కూలెంటు సగం, డిస్టిల్డ్ వాటర్ సగం. బోరు నీళ్ళు మాత్రం పొయ్యొద్దు. నల్లగొండ నీళ్ళు అనంగనే ఫ్లోరైడే యాదికొస్తది, రేడియేటర్‌కు మాత్రం చేటు చేసేది నీళ్ళల్ల ఉండే సున్నం. సన్న గొట్టాల లోపట గార కట్టి, పైకి ఎంత కడిగినా వేడి తగ్గదు. బ్యాటరీలకు పోసే డిస్టిల్డ్ నీళ్ళ డబ్బా చాలు.

వేడి మీద మూత తీయొద్దు, ముఖం కాలుతది. పాత కూలెంటును తొట్టిలకు పట్టండి, నేల మీద పారబొయ్యొద్దు. అది తియ్యగ ఉంటది, కుక్కలు, పశువులు నాకితే చస్తయి. కొత్తది పోసేటప్పుడు ముందు చక్రాలు ఎత్తు మీద పెట్టి, మూత తీసి, చల్లటి ఇంజన్ స్టార్ట్ చేసి, రబ్బరు పైపును చేతితోని పిసుకుతుంటే గాలి బుడగలు వస్తయి. మట్టం పడిపోతుంటే మళ్ళ పోయాలె. గాలి మిగిలితే లైటు మళ్ళ పడుతది.

ఇదంతా చేసినా వేడెక్కుతే థర్మోస్టాట్ (వేడికి తెరుసుకొని కూలెంటును రేడియేటర్‌కు వదిలే వాల్వు) తీసి నీళ్ళ గిన్నెల ఏలాడగట్టి కాచండి. దాని మీద రాసి ఉన్న డిగ్రీల దగ్గర తెరుసుకోవాలె. రేడియేటర్‌ల ఆగకుండ బుడగలు లేస్తుంటే హెడ్ గ్యాస్కెట్ పోయిందన్న అనుమానం, అది మెకానిక్ దగ్గరికి పోవాల్సిన పని.

ఇంకోటి, అంత నీళ్ళల్ల దిగింది గాబట్టి ఎయిర్ ఫిల్టర్ డబ్బా, ఇంజన్ ఆయిల్, ముందు, వెనక గేర్ డబ్బాల ఆయిల్ చూడకుండ బండి స్టార్ట్ చెయ్యొద్దు. ఆయిల్ చాయ రంగుకు తిరిగితే నీళ్ళు కలిసినట్టు.

అడిగిన వారు

అన్నలూ, మీరు చెప్పినట్టే ఇప్పినం. బెల్టు గదిల మన్ను ఉన్నది. పైపు క్లిప్పు ఒకటి ఊడి ఉన్నది. బెల్టు ఎడల్పు లిమిట్ లోపలనే ఉన్నది గని, ఒక్క జాగల మాత్రం వేలు పెట్టేంత పొడుగు గుంట పడ్డది. రేడియేటర్ వెనక ముప్పావు వంతు మన్నే. ఇంజన్ ఆయిల్ మంచిగున్నది, ముందు గేర్ డబ్బా ఆయిల్ తెల్లగ చిక్కటి చాయ లెక్క ఉన్నది. బెల్టు ఇంకొన్ని రోజులు నడుస్తదా? గేర్ ఆయిల్ ఒక్కసారి మారిస్తే చాలా?

జవాబు (నల్లగొండ నుంచి)

గుంట పడ్డ బెల్టు పనికిరాదు తమ్మీ. చుట్టు తిరిగినప్పుడల్లా ఆడ ఒక దెబ్బ కొడ్తది, బండి కదిలేటప్పుడు దడదడమంటది, ఏదో ఒక రోజు తెగి పుల్లీకి చుట్టుకుంటది. మెరుపు ఒక్కటే ఎక్కి ఉంటే రుద్ది వాడుకొమ్మని చెప్పేటోన్ని. ఇప్పుడు కారణం దొరికింది గాబట్టి కొత్తది కొను, నీ బండి మోడల్ పార్ట్ నంబర్ మీదనే. పొడుగు సరిపోయిందని వేరే బెల్టు ఏస్తే కోణం కలవదు. కొత్తది ఎక్కించినంక మొదటి 50 కిలోమీటర్లు బరువు లేకుండ, ఒకటే వేగం మీద కాకుండ, మెల్లగ తోలు.

తోలే పద్ధతి గూడ మారాలె. బస్తాలు ఏసుకొని, చెల్కల, మడిల, 10 కిలోమీటర్ల వేగం లోపల తోలేటప్పుడు లో గేర్ తప్పనిసరి. హైల పెట్టి బరువుతోని మెల్లగ పోతే బెల్టు పూర్తిగ పట్టుకోక జారుతనే ఉంటది. బండి ఇరుక్కుంటే యాక్సిలేటర్ నొక్కి పట్టొద్దు, దిగి చక్రాల కింద ముండ్లు లేని కొమ్మలు ఏసి లో గేర్‌ల తియ్యి. బరువు గూడ లెక్క చూసుకో. యూరియా బస్తా 45 కిలోలు. వెనక ర్యాకు మీద నాలుగు పెడితే 180. ర్యాకు మీద అతికిచ్చిన స్టిక్కర్ చదివితే అంత బరువుకు ఒప్పుకోదని నీకే తెలుస్తది. ట్రాలీ కట్టుకో. ఎరువు ఒలికితే అదే రోజు కడుగు, తేమ తగిలిందంటే వైర్ల కనెక్టర్లను, అల్యూమినియంను తింటది.

జవాబు (మిర్యాలగూడ నుంచి)

ముందు గేర్ డబ్బా ఆయిల్ ఒక్కసారి మార్చితే చాలదు. ముందుగాల పోసే రంధ్రం బోల్టు ఊడుతదా చూడండి, తర్వాతనే కింది డ్రెయిన్ ఇప్పండి. కిందిది ముందు ఇప్పి, పైది రాకపోతే ఖాళీ డబ్బాతోని బండి ఆగిపోతది. పాతది పూర్తిగ కారినంక కొత్తది పోసి, మెత్తటి మట్టి మీద ఫోర్ వీల్ ఏసి కొంచెం దూరం తోలి, మళ్ళ తీయాలె. రంగు తేటగ వచ్చేదాక రెండు మూడు సార్లు అట్లనే. ముందు డబ్బా చాలా బండ్లల్ల పావు లీటరుకు అటు ఇటుగనే పడుతది, కొలత మాన్యువల్‌ల చూసి పొయ్యండి.

నీళ్ళు ఎట్ల పోయినయంటే, తోలంగ డబ్బా వేడెక్కుతది, లోపలి గాలి వ్యాకోచిస్తది. ఒక్కసారిగ చల్లటి నీళ్ళల్ల దిగంగనే ఆ గాలి ముడుసుకొని బయటిది లోపలికి గుంజుతది. డబ్బా మీదికెల్లి సన్నటి బ్రీదర్ పైపు (గాలి ఆడే గొట్టం) ఎత్తుకు పోయి ఉంటది, అది మూసుకపోయినా, ఊడి కిందికి ఏలాడినా సీళ్ళ పక్క నుంచి నీళ్ళు పీలుస్తది. ఆ పైపును నోటితోని ఊది చూడండి, గాలి సులువుగ పోవాలె. బ్రీదర్ మంచిగుండి, మళ్ళ ఆయిల్ తెల్లబడితే అప్పుడు సీలు మార్చాలె.

జవాబు (అచ్చంపేట నుంచి)

బండి ఎత్తిన కాడికి కింది భాగాలు గూడ చూసుకోండి అన్నా. చక్రం జాకీ మీద లేపి, కింద గట్టి దిమ్మె పెట్టి, పైన ఒక చెయ్యి, కింద ఒక చెయ్యి పెట్టి ఊపితే ఆడొద్దు. ఆడితే బేరింగో, బాల్ జాయింటో. యాక్సిల్ మీది రబ్బరు బూటు చిరిగి రిమ్ము లోపటి దిక్కు గ్రీజు చిమ్మి ఉంటే ఆలస్యం చెయ్యకుండ బూటు మార్చండి. మన్ను పోయినంక అయితే జాయింటు మొత్తం మార్చాల్సి వస్తది, ఖర్చు ఎన్నో రెట్లు.

మా దిక్కు సర్కారు తుమ్మ ముండ్లు టైర్లకు ప్రాణసంకటం. ముల్లు కనిపించంగనే పీకొద్దు. ముల్లు మొన విరిగి లోపట ఉంటే పంక్చరు మూసే రబ్బరు ప్లగ్గు నిలవదు. సబ్బు నీళ్ళు పోసి గాలి ఏడ పోతుందో చూసి, సుద్దతోని గుర్తు పెట్టి, పటకారతోని వచ్చిన దిక్కుకే తిన్నగ గుంజండి. రంధ్రాన్ని రాస్పుతోని (గరుకు సూది పనిముట్టు) శుభ్రం చేసి, జిగురు పూసిన ప్లగ్గు గుచ్చి, పొడుగును టైరు మట్టానికి కొంచెం పైకి కోయండి. పక్కగోడకు ముల్లు దిగితే ప్లగ్గు నమ్మొద్దు, లోపట్నుంచి ప్యాచి ఏయించాలె.

గాలి ఎంత పెట్టాలెనో టైరు పక్కన గని, బండి స్టిక్కర్ మీద గని ఉంటది, ఎక్కువ ఏటీవీలకు 4 నుంచి 7 పీఎస్ఐ (గాలి ఒత్తిడి కొలత) నడుమ. బంకు మీటరు అంత తక్కువ చూపియ్యలేదు, కార్ల లెక్క 30 కొడితే టైరు గుండ్రంగ ఉబ్బి బండి ఎగురుతది, బురదల పట్టు పోతది. 0 నుంచి 15 దాక చూపే చిన్న గేజీ కొనుక్కోండి, సైకిల్ పంపుతోని కొట్టుకోవచ్చు. కుడి, ఎడమ టైర్లల్ల గాలి సమానంగ ఉండాలె. సీసీ రోడ్డు ఎక్కంగనే ఫోర్ వీల్ తీసెయ్యండి. గట్టి నేల మీద టైర్లు జారవు, ఆ బిగుతు అంతా గేర్ల మీద పడుతది.

అడిగిన వారు

కొత్త బెల్టు ఆర్డర్ పెట్టినం. ఫోమ్ ఎయిర్ ఫిల్టర్ గూడ మన్నుతోని నిండి ఉన్నది. దాన్ని పెట్రోల్‌తోని కడగొచ్చునా?

జవాబు (నల్లగొండ నుంచి)

పెట్రోల్ వద్దు, ఫోమ్ అతుకులు ఊడుతయి. గిన్నెలు తోమే లిక్విడ్ కలిపిన గోరువెచ్చని నీళ్ళల్ల ముంచి పిండు, మెలిపెట్టొద్దు. మన్ను దిగేదాక నీళ్ళు మార్చుకుంట కడిగి నీడకు పూర్తిగ ఆరనియ్యి. ఆరినంక ఫోమ్ ఫిల్టర్ ఆయిల్ పోసి, ప్లాస్టిక్ సంచిల పెట్టి పిసికితే నూనె అంతటికీ సమానంగ పట్టుకుంటది. ఎక్కువైంది పిండెయ్యి. మూతికి సన్నగ గ్రీజు పూసి కూసోబెట్టు, ఎర్ర చెల్క దుమ్ము అంచులకెల్లి దూరకుండ ఉంటది. డబ్బా అడుగున చిన్న రబ్బరు గొట్టం ఉంటది, దాన్ని పిండితే నిలువ ఉన్న నీళ్ళు కారుతయి. ఎండకాలంల దుమ్ముల తోలినన్ని రోజులు వారానికోసారి ఫిల్టర్ తీసి చూడు. కాయితం ఫిల్టర్ అయితే కడగొద్దు, మార్చుడే.