నాగసాకి ప్రయాణంలో ఛార్లెస్ స్వీనీ విధి తప్పాడా?

గగనవీక్షకుడు:
1945 ఆగస్టు 9న నాగసాకి మీద అణుబాంబు వేసిన బి-29 విమానం ‘బాక్స్‌కార్’. దాన్ని నడిపిన మేజర్ ఛార్లెస్ స్వీనీకి అప్పటికి 25 ఏళ్లు. మూడు రోజుల ముందు హిరోషిమా దాడిలో కొలత పరికరాలు మోసిన విమానాన్ని నడిపిందీ అతనే. ఆ ప్రయాణాన్ని స్వీనీ చెడగొట్టాడని అతని పై అధికారి పాల్ టిబెట్స్ తరువాతి కాలంలో బాహాటంగానే అన్నాడు. స్వీనీ ఒప్పుకోలేదు. బాంబు వేయడం న్యాయమా అన్నది ఇంతకంటే చాలా పెద్ద చర్చ. ఇక్కడ అడుగుతున్నది మాత్రం పైలట్‌గా అతని నిర్ణయాల గురించి.

పాతదస్త్రం:
నా దృష్టిలో తప్పు బయలుదేరకముందే మొదలైంది. పసిఫిక్‌లో అమెరికా స్థావరమైన టినియన్ ద్వీపంలో విమానం పైకి లేవకముందే ఇంధనం పంపు పనిచేయడం లేదని తేలింది. వెనుక ట్యాంకులోని 600 గ్యాలన్లకు పైగా ఇంధనం వాడుకోవడానికి వీలులేకుండా పోయింది. పైగా ఆ బరువును దారి పొడుగునా మోయాలి. అప్పుడే ఆగిపోవలసింది.

గగనవీక్షకుడు:
అక్కడ స్వీనీని తప్పుపట్టలేం. ‘ఫ్యాట్ మ్యాన్’ బాంబు నాలుగున్నర టన్నులు. విమానాన్ని గొయ్యి మీదికి తెచ్చి, కింది నుంచి బాంబును పైకెత్తి బిగించాలి. దాన్ని విప్పి మరో విమానానికి మార్చాలంటే గంటల పని, ప్రమాదం కూడా. వాతావరణం చెడిపోబోతోందనే కదా 11న జరగవలసిన దాడిని 9కి జరిపారు! రన్‌వే దగ్గర టిబెట్స్‌తో మాట్లాడిన తరువాతే స్వీనీ బయలుదేరాడు. ఆ నిర్ణయంలో టిబెట్స్‌కూ వాటా ఉంది.

అసలు తప్పు జపాన్‌కు చెందిన యకుషిమా ద్వీపం మీద జరిగింది. బాంబు విమానం, కొలత పరికరాల విమానం, ఫొటోల విమానం, మూడూ అక్కడ కలుసుకోవాలి. పదిహేను నిమిషాలకు మించి ఎవరి కోసమూ ఆగవద్దని టిబెట్స్ ముందే చెప్పాడు. పరికరాల విమానం వచ్చింది. ఫొటోలు తీయవలసిన ‘బిగ్ స్టింక్’ రాలేదు. దాని పైలట్ జేమ్స్ హాప్కిన్స్ అనుకున్న ఎత్తు కంటే వేల అడుగుల పైన తిరుగుతున్నాడు. స్వీనీ సుమారు నలభై నిమిషాలు చక్కర్లు కొట్టాడు. పంపు చెడిపోయిందని తెలిసిన మనిషి, ప్రతి గ్యాలనూ లెక్కపెట్టుకోవలసిన మనిషి, ఎందుకు ఆగాడు? దీనికి సరైన సమాధానం నాకు ఇప్పటిదాకా ఎవరి వాదనలోనూ కనిపించలేదు.

మేఘమాల:
హాప్కిన్స్ విమానం సంగతి మరీ దారుణం. వేగంగా ఫొటోలు తీసే కెమెరాను నడపడం తెలిసిన భౌతిక శాస్త్రవేత్త రాబర్ట్ సెర్బర్ పారాచూట్ మరిచిపోయాడని, అతన్ని రన్‌వే మీదే దించేసి వెళ్లిపోయారు! అంటే స్వీనీ అంతసేపు ఎదురుచూసిన విమానం వచ్చినా ముఖ్యమైన పని జరిగేది కాదు.

పాతదస్త్రం:
స్వీనీకి ఆ సంగతి తెలిసే అవకాశం లేదు. రేడియోలో మాట్లాడకూడదన్న కట్టడి ఉంది.

మేఘమాల:
తెలియదు, నిజమే. కానీ పదిహేను నిమిషాల హద్దు ఏమిటో అతనికి తెలుసు. ఆ ఆలస్యానికి ఏమి జరిగిందో చూడండి. ముందుగా వెళ్లిన వాతావరణ విమానం అసలు లక్ష్యమైన కోకురా నగరం మీద ఆకాశం బాగానే ఉందని చెప్పింది. బాక్స్‌కార్ చేరేసరికి మబ్బు, పొగ కమ్ముకున్నాయి. ముందురోజు బాంబు దాడిలో తగలబడిన పక్క నగరం యవాటా నుంచి వచ్చిన పొగ అదని చెబుతారు. కంటితో చూసే బాంబు వేయాలన్నది ఆజ్ఞ. మూడుసార్లు నగరం మీదుగా వెళ్లినా ఆయుధాగారం కనిపించలేదు. ఇంధనం ఇంకా తగ్గింది. కోకురా ప్రజలు బతికిపోయారు, నాగసాకి ప్రజలు చనిపోయారు. ఆ ఏడాది చివరికి చనిపోయినవారు సుమారు 70 వేలు. అందుకే ఆ ఆలస్యాన్ని చిన్న పొరపాటుగా కొట్టిపారేయడం నాకు చేతకాదు.

పాతదస్త్రం:
నాగసాకి మీదా మబ్బులే కదా. రాడార్ సాయంతో వెళ్తుండగా చివరి క్షణంలో మబ్బు విచ్చుకుందని, లక్ష్యం కనిపించిందని బాంబు విడిచిన కెర్మిట్ బీహన్ చెప్పాడు. బాంబు మాత్రం అనుకున్న చోటికి మూడు కిలోమీటర్ల దూరంలో, ఉరకామి లోయ మీద పేలింది. నిజంగా కనిపించిందా అన్న అనుమానం నాకు పోలేదు.

గగనవీక్షకుడు:
ఆ అనుమానం న్యాయమైనదే. అయితే రాడార్‌తో వేసేందుకు ఒప్పుకున్నది బాంబు బాధ్యత చూస్తున్న నౌకాదళ కమాండర్ ఫ్రెడరిక్ ఆష్‌వర్త్. దాన్ని స్వీనీ ఒక్కడి మీద వేయకూడదు.

ఇక అతని పక్షాన ఒకటి చెప్పాలి. తిరిగి టినియన్‌కు చేరేంత ఇంధనం లేక, అప్పటికి అమెరికా చేతిలో ఉన్న ఒకినావా ద్వీపానికి మళ్లాడు. రేడియోలో పిలిస్తే యోంటన్ విమానాశ్రయం నుంచి జవాబు లేదు. సిబ్బంది రంగురంగుల సంకేత జ్వాలలన్నీ పేల్చారు. ఇంధనం అందక ఇంజన్లు ఆగిపోతుండగా, మామూలుకు మించిన వేగంతో దిగి, ఎగిరిపడిన విమానాన్ని అదుపులోకి తెచ్చి నిలిపాడు. విమానం నడపడంలో అతని చేయి గట్టిదే. యూరప్ యుద్ధంలో టిబెట్స్ సంపాదించిన అనుభవం అతనికి లేదు. తరువాత మసాచుసెట్స్ ఎయిర్ నేషనల్ గార్డ్‌లో మేజర్ జనరల్ దాకా ఎదిగాడు.

మేఘమాల:
చేయి గట్టిదే, ఒప్పుకుంటాను. కానీ ఆ ప్రయాణంలో అతను నాయకుడు కూడా. వెనక్కి వచ్చాక విచారణ జరగకపోవడాన్ని కొందరు అతని నిర్దోషిత్వానికి రుజువుగా చూపిస్తారు. జపాన్ లొంగిపోతున్న వేళ తమ విజయం మీద మచ్చ పడే విచారణను ఏ సైన్యం కోరుకుంటుంది? టిబెట్స్ చెప్పిన ప్రకారం, దానివల్ల ప్రయోజనం లేదని పై అధికారుల్లో ఒకడైన జనరల్ లీమే వదిలేశాడు. నిర్దోషి అని ఎవరూ తేల్చలేదు.