కొండల్లో, జీడితోటల్లో మనిషి తప్పిపోతే మొదటి రెండు గంటలు ఎలా వెతకాలి?

మందస కుర్రోడు: మా వైపు, అంటే శ్రీకాకుళం జిల్లా ఒడిశా సరిహద్దులో, తప్పిపోయినవాళ్లను వెతకడానికి పన్నెండుమందిమి జట్టు కట్టాం. పోలీసులకీ, ఫారెస్టు బీటు ఆఫీసరుకీ చెప్పేశాక ముందు ఏటి చెయ్యాలి?

గెడ్డ ఒడ్డు: పన్నెండుమందీ ఒకేసారి కొండెక్కొద్దు తమ్ముడూ. ఇద్దరు ఊళ్లో ఉండాలి. ఒకరు ఇంటివాళ్లను అడగాలి, ఇంకొకరు రాసుకోవాలి: వయసు, మతిమరుపు ఉందా, షుగరు మందులు వాడతాడా, ఏ చెప్పులు, ఏ రంగు బట్టలు, ఫోనులో చార్జింగు ఎంత. చివరిసారి చూసిన మనిషిని ఆ చోటికే తీసుకెళ్లి చూపించమనండి. "చింతచెట్టు కాడ" అంటే సరిపోదు, చింతచెట్లు బోలెడుంటాయి. అక్కణ్ణుంచి ఇద్దరేసి చొప్పున మూడు జట్లు కాలిబాటలు, గెడ్డలు (వాగులు), పాకలు గబగబా చూసుకుపోవాలి. మిగిలిన నలుగురినీ తోట బయటికొచ్చే దారుల్లో నిలబెట్టండి. ఇదే చాలామంది వదిలేస్తారు. తప్పిపోయినవాడు గంటకు 2 కిలోమీటర్లు నడిచినా మూడు గంటల్లో 6 కిలోమీటర్లు పోతాడు, అంటే చుట్టూ 113 చదరపు కిలోమీటర్లు. అంత మేర ఎవరు వెతుకుతారు?

ఉద్దానం: ఎలుగుల సంగతి ఎవరూ అనలేదేటి? జీడిపళ్ల కాలంలో తోటల్లోకి దిగుతాయి. చీకటి పడ్డాక ఒక్కరే పొదలోకి దూరకండి, మాట్లాడుకుంటూ నడవండి.

కోట మాస్టారు: ఊరంతా వెనకే వచ్చేస్తే అడుగుజాడలు పోతాయి, పోలీసు కుక్కకు వాసనా దొరకదు. జాడ కనిపిస్తే చుట్టూ కర్రతో గీత గియ్యండి. టార్చి నేలకు దగ్గరగా, పక్కనుంచి వేస్తే గుర్తు తేలుతుంది. కుక్కకు వాసన చూపించడానికి తలగడ గలీబు చేత్తో ముట్టకుండా కొత్త కవరులో వెయ్యండి.

పిలిచేటప్పుడు అందరూ గడియారం చూసుకుని పది నిమిషాలకోసారి ఒకేసారి పిలవాలి. తర్వాత నిమిషంపాటు బండీ ఫోనూ మాటా ఆపి వినాలి. మతిమరుపు పెద్దవాళ్లు పలకరు. భయపడ్డ పిల్లలు దాక్కుంటారు. అందుకని పలుకు రాలేదని ఆ పొద వదలొద్దు.

సరిహద్దు: ఫోనులో లొకేషన్ అంకెలు చెప్పేటప్పుడు జాగ్రత్త. 18 డిగ్రీల 48 నిమిషాలను 18.48 అని రాసుకుంటే సుమారు 35 కిలోమీటర్లు తేడా కొడుతుంది. విన్నవాళ్ల చేత తిరిగి చదివించండి. ఒడిశా టవరు అందే చోట 112కి చేస్తే కాల్ అటువైపు పోవచ్చు, అందుకని జిల్లా, మండలం పేరు ముందు చెప్పండి. మ్యాపు ఇంటి దగ్గరే దించుకోండి, సిగ్నల్ లేకపోయినా జీపీఎస్ పనిచేస్తుంది.

మందస కుర్రోడు: దొరికితే డోలీ కట్టేస్తే చాలదా?

గెడ్డ ఒడ్డు: నడవలేనివాడికైతే చాలు. పైనుంచి పడినవాడికి వద్దు, డోలీలో నడుం వంగిపోతుంది. స్ట్రెచరు వచ్చేదాకా కదపకుండా 108కి చెప్పండి. ఎండదెబ్బకు స్పృహ తప్పితే నోట్లో నీళ్లు పొయ్యొద్దు. నీడకు చేర్చి, ఒళ్లు తడిపి, విసరండి. స్ట్రెచరుకు ఒక్కోసారి ఆరుగురు పట్టాలి, మార్చుకోవడానికి ఇంకో ఆరుగురు, దారి చూసేందుకు ఒకరిద్దరు. మీ పన్నెండుమందీ అప్పటికే అలిసిపోయి ఉంటారు. కబురందగానే ఊరి నుంచి ఇంకో ఆరుగుర్ని నీళ్లతో పైకి పంపించండి.