58 సీసీ చైన్‌సాకి 22 అంగుళాల బార్ ఉంచాలా, 18కి దిగాలా?

సరుగుడు_తోట: 58 సీసీ పెట్రోల్ మిషన్. డబ్బాలో 22 అంగుళాల బారే (చైన్ చుట్టూ తిరిగే పొడవాటి రేకు) వచ్చింది. రోజువారీ పని 5 నుంచి 10 అంగుళాల జామాయిల్, సరుగుడు. ఎప్పుడైనా రెండడుగుల వేప, చింత మొద్దులు. పెద్ద బార్ ఉంటే ఏ చెట్టయినా కోయొచ్చని షాపులో అంటున్నారు, కోత మేస్త్రీలేమో 18 చాలంటున్నారు. ఏది నమ్మాలి?

రంపపు_పొట్టు: 18 వేయండి. స్టిక్కర్ మీద 58 ఉన్నంత మాత్రాన అది 58 కాదు. కొన్ని చవక మిషన్లలో బోర్ (సిలిండర్ వ్యాసం) 45.2, స్ట్రోక్ (పిస్టన్ కదిలే దూరం) 34 మి.మీ. లెక్కేస్తే 54.6 సీసీ. ఆ ఇంజన్‌తో 22 బార్‌ని పచ్చి చింతలో పూర్తిగా ముంచితే చైన్ ఆగుతుంది. యాక్సిలరేటర్ వదలకుండా అలాగే నొక్కితే క్లచ్ జారి డ్రమ్ము నీలిరంగు తిరుగుతుంది. ఆ వేడికి పక్కనే ఉన్న, చైన్‌కి ఆయిల్ అందించే పంపు ప్లాస్టిక్ గేరు కరిగిపోతుంది.

జామాయిల్_కోత: సగమే నిజం అన్నా. 22 చైన్‌లో కోసే పళ్లు 43, 18లో 36. కానీ 8 అంగుళాల దుంగలో ఒకేసారి దిగే పళ్లు రెండిట్లోనూ అవే. దుంగ బార్ కంటే సన్నగా ఉన్నంతసేపు ఇంజన్‌కి అదనంగా పడేది ఆ నాలుగు అంగుళాల రాపిడే. మిషన్ ఆగుతోందని బార్‌ని తిట్టేవాళ్లు ముందు చైన్ చూసుకోవాలి. రవ్వలు రవ్వలుగా కాక పిండిలా పొట్టు రాలితే పళ్లు మొద్దుబారినట్టే. 0.325 పిచ్ (లింకుల మధ్య దూరం, అంగుళాల్లో) చైన్‌కి 4.8 మి.మీ. గుండ్రటి ఆకురాయి, 30 డిగ్రీలు, రేకర్ (పంటి ముందుండే, కోత లోతుని ఆపే మొన) పంటి కంటే 0.65 మి.మీ. కిందికి. ఇంకో మాట, పడేసిన జామాయిల్‌కి కొమ్మలు కొట్టేటప్పుడు పొడవు బార్ ఉంటే నడుము అంతగా వంచక్కర్లేదు. రోజంతా చేసేవాళ్లకు అది చిన్న విషయం కాదు.

రంపపు_పొట్టు: పళ్ల లెక్క ఒప్పుకుంటాను. మరి 8 అంగుళాల దుంగ అవతల ఖాళీగా తిరిగే 14 అంగుళాల సంగతేమిటి? ఆ బార్ చివరి ముక్కు మట్టికి తగిలితే చైన్ అరక్షణంలో మొద్దు. ముక్కు పైభాగం పక్క దుంగకి తగిలితే మిషన్ ఎగిరి మొహం మీదికొస్తుంది. కొమ్మలు కొట్టేటప్పుడే ఈ ప్రమాదం ఎక్కువ. మీరు పొడవు బార్ కావాలంటున్నది సరిగ్గా ఆ పనికే.

ఎర్రనేల: మీరిద్దరూ ఆయిల్ ముచ్చట మర్చిపోయిన్రు. పంపు అదే, బార్ పెరిగింది. ఆయిల్ ముక్కు దాకా పోకపోతే ముక్కు దగ్గర చైన్ జారే బార్ అంచులు కాలి నల్లబడ్తయి. పరీక్ష సులువు. ముక్కుని అట్టముక్కకి బెత్తెడు దూరంల పెట్టి, ముప్పావు వేగంల కొన్ని సెకండ్లు తిప్పాలె. అట్ట మీద ఆయిల్ గీత పడాలె. పడకపోతే బార్ విప్పి ఆయిల్ రంధ్రం, గాడి సాఫ్ చేయాలె. పంపుకి స్క్రూ ఉంటే పెంచాలె. అయినా గీత పడకపోతే 22 ఆ మిషన్‌కి పనికిరానట్టే, సీసీ ఎంతైనా సరే. పాత ఇంజన్ ఆయిల్ మాత్రం పోయొద్దు, దాంట్ల ఇనుప పొడి ఉంటది, పంపు అరుగుతది.

సరుగుడు_తోట: మరి రెండడుగుల వేపని 18తో ఎలా పడేస్తారండీ?

రంపపు_పొట్టు: రెండు వైపుల నుంచి. 24 అంగుళాల మానుకి పడాల్సిన వైపు 5, 6 అంగుళాల లోతు గంటు పెట్టండి. బార్ అందకపోతే ఇటు కొంత, అటు కొంత కోసి గీతలు కలపండి. తర్వాత వెనక కోత, గంటు అడుగు కంటే ఒకటి రెండు అంగుళాలు ఎత్తులో. ఒక పక్క నుంచి మొదలుపెట్టి, బార్ పట్టేంత చోటు రాగానే బార్ ఇరుక్కోకుండా వెనక కోతలో చీలిక మేకు దిగగొట్టి, చుట్టూ తిరిగి రెండో పక్క నుంచి ముగించండి. గంటుకీ వెనక కోతకీ నడుమ రెండున్నర అంగుళాల పట్టీ కోయకుండా వదలాలి. చెట్టు ఎటు పడాలో నడిపేది అదే. దాన్ని తెంపేస్తే చెట్టు తనకి తోచిన వైపు పడుతుంది. పక్కకి ఒరిగిన చెట్టయితే ఒరుగుకి ఎదుటి పక్కన నిలబడి ముగించాలి.

జామాయిల్_కోత: పద్ధతి సరే. కానీ చుట్టూ తిరగడానికి ఒక పక్క గోడో కంచో ఉంటే? ఇళ్ల మధ్య వేపలన్నీ అలాగే ఉంటాయి. అందుకే 22ని అమ్మేయకండి. 18 మిషన్‌కి ఉంచి, 22ని చైన్‌తో సహా విప్పి దాచుకోండి.

ఎర్రనేల: అది నేనూ ఒప్పుకుంట, అట్ట పరీక్ష దాటితేనే. కొనేటప్పుడు అంగుళాలొక్కటే చెప్పొద్దు. పిచ్ 0.325, గేజ్ (బార్ గాడి వెడల్పు) 0.058, 18కి మామూలుగా 72 డ్రైవ్ లింకులు (గాడిల తిరిగే లింకులు), 22కి 86. పాత బార్, చైన్ షాపుకి పట్టుకపోయి పక్కపక్కన పెట్టి చూడున్రి. గేజ్ 0.050 చైన్ 0.058 గాడిల కూసుంటది గానీ పక్కకి ఒరుగుతది, కోత వంకర పోతది. బార్ తోక దగ్గర ఆయిల్ రంధ్రం, టెన్షన్ పిన్ను రంధ్రం పాతదానితో కలవాలె. స్ప్రాకెట్ (చైన్‌ని తిప్పే పళ్ల చక్రం) పళ్లు గాట్లు పడి ఉంటే అది కూడా మార్చాలె, లేకపోతే కొత్త చైన్ రెండు వారాలకే సాగుతది.