నోటి పూతకు లవంగ నూనె పొర: అవసరమా, ఆర్భాటమా?

హంద్రీ ఒడ్డు (కర్నూలు)
లవంగం, పుదీనా వంటి సుగంధ తైలాలను కైటోసాన్, పెక్టిన్ లాంటి బయోపాలిమర్లలో (జంతువుల, మొక్కల నుంచి తీసే జిగురు పదార్థాల్లో) కలిపి, పలుచని పొర చేసి నోటి పుండుపై అతికించాలని పరిశోధనలు సాగుతున్నాయి. దూదితో నాలుగు చుక్కలు అద్దుకుంటే పోయేదానికి ఇంత హంగామా ఎందుకు? మా ఇంట్లో జాజి ఆకు నమిలితేనే తగ్గిపోతుంది.

పెన్నా గాలి (కడప)
అద్దిన నూనె ఎంతసేపు నిలుస్తుందండీ? నోట్లో రోజుకు అర లీటరు నుంచి లీటరున్నర దాకా లాలాజలం ఊరుతుంది. చూస్తుండగానే నూనె గొంతులోకి జారిపోతుంది. పైగా చిక్కటి లవంగ నూనెలోని యూజెనాల్ అనే రసాయనం పుండు చుట్టూ ఉన్న మంచి కండనూ కాలుస్తుంది. తిమ్మిరి ఎక్కి నొప్పి తెలియదు కాబట్టి మానిందనుకుంటాం. కైటోసాన్‌ది ధనావేశం, నోటి జిగురులోని మ్యూసిన్‌ది ఋణావేశం. ఈ రెండూ ఒకదాన్నొకటి లాక్కుంటాయి, అందుకే ఆ పొర తడిలోనూ పట్టుకొని, నూనెను కొద్దికొద్దిగా వదులుతుంది.

గుత్తి కోట (అనంతపురం)
అంటుకుంటుంది, కాదనను. గుణం మాత్రం ఎవరిది? దంత వైద్యులు రాసే కొన్ని పేస్టుల్లో జెలటిన్, పెక్టిన్ ఏనాటి నుంచో ఉన్నాయి. మందు లేకున్నా ఆ పూత కారం తగలనివ్వదు. ఉగ్గాని, మిరపకాయ బజ్జీ ముందు పెట్టుకున్నవాడికి ఆ అడ్డే సగం వైద్యం! చిన్న పుండు ఏమీ రాయకపోయినా 7 నుంచి 14 రోజుల్లో మానుతుంది. కాబట్టి నూనె ఉన్న పొరను నూనె లేని పొరతోనే పోల్చాలి. ఏమీ రాసుకోనివారితో పోల్చితే పొర చేసిన పనికి నూనె పేరు కొట్టేస్తుంది. జాజి ఆకుదీ అదే లెక్క.

హంద్రీ ఒడ్డు
జాజి ఆకు జోలికి రాకండి! అయినా కైటోసాన్‌ను రొయ్య పెంకుల నుంచి తీస్తారు కదా, మా అమ్మ దాన్ని నోట పెట్టుకుంటుందా?

పెన్నా గాలి
పెక్టిన్ పండ్ల తొక్కల నుంచి, ఆల్జినేట్ సముద్రపు నాచు నుంచి వస్తాయి. అమ్మగారికి అవి చాలు. పోలిక విషయంలో గుత్తి కోట గారి మాటే సబబు. కానీ ఈ నూనెలు క్రిములను చంపుతాయి, దాన్ని తీసిపారేయలేం.

గుత్తి కోట
ప్రయోగశాల గాజు పళ్ళెంలో చంపుతాయి. మాటిమాటికీ వచ్చే మామూలు పూత అంటువ్యాధి కాదండీ. ఐరన్, బి12 తగ్గినా వస్తుంది, అప్పుడు లవంగం ఏం చేస్తుంది? పొర పరిశోధన సాగనివ్వండి, నాకు అడ్డేమీ లేదు. మూడు వారాలైనా మానని పుండుకు మాత్రం ఏదీ అతికించకండి. గుట్కా అలవాటుంటే అంతవరకూ ఆగవద్దు, ముందే డాక్టరుకు చూపించండి.