అప్‌డేట్: చెన్నై తిరువాన్మియూర్ బీచ్‌లో చూసిన ఆ బూడిదరంగు ఈగ

పోయిన వారం అడిగాను కదండీ, ఇసుక మీద కూర్చుని ఇంకో ఈగని పట్టుకు తింటున్న పొడుగాటి పురుగు ఏంటని, మా బుడ్డోడిని కుడుతుందా అని. సగం మంది కందిరీగ అన్నారు. కాదండీ. ఫోటో పెద్దది చేసి చూస్తే రెక్కలు రెండే, కందిరీగకి నాలుగుంటాయి. రెండు కళ్ళ మధ్య గుంట, మూతి మీద గుబురు మీసం. ఇది రాబర్ ఫ్లై, అంటే వేరే పురుగుల్ని వేటాడి తినే ఈగ; శాస్త్రవేత్తలు వీటి కుటుంబాన్ని అసిలిడే అంటారు.

ఎగిరే పురుగుని గాల్లోనే పట్టేసి, సూదిలాంటి మూతితో పొడిచి లాలాజలం ఎక్కిస్తుందట. దాంతో పురుగు కదల్లేదు, లోపలి మాంసం కరిగిపోతుంది. ఇక జుర్రుకోవడమే, మనం ముంజలు జుర్రినట్టు! ఆ మీసం గింజుకునే పురుగు నుంచి దాని మొహానికి కాపలా.

ఇందులో ఏ జాతి అంటే, ఒకరు ‘ఫిలోనికస్ ఆల్బిసెప్స్’ అన్నారు. కానీ 1820లో జర్మన్ కీటక శాస్త్రవేత్త మైగెన్ వర్ణించిన ఆ జాతి యూరప్‌ది, అక్కడి తీరాల ఇసుక దిబ్బల్లో ఉంటుంది, కాబట్టి మనం చూసింది అది కాకపోవచ్చు. ఆ జాతిలో ఆడది గుడ్లు ఇసుకలోనే పెడుతుంది.

కుట్టడమంటారా, మన జోలికి రాదు. చేత్తో పట్టుకుంటే మాత్రం పొడుస్తుంది. మా బుడ్డోడికదే చెప్పాను, ఇప్పుడు రోజూ సాయంత్రం దాన్ని వెతకడానికే బీచ్‌కి పదమంటున్నాడు.