ఏథెన్స్‌లో మా బ్యాండ్ మొదటి షో - ఆర్‌.ఇ.ఎం. వాళ్లు ఎలా మొదలుపెట్టారో తెలిసినవాళ్లు చెప్పండి

బేస్_కుర్రాడు:
అందరికీ నమస్తే. అమెరికాలో జార్జియా రాష్ట్రంలోని ఏథెన్స్‌లో ఎమ్మెస్ చేస్తున్నాను. నలుగురం కలిసి బ్యాండ్ పెట్టుకున్నాం, ఇద్దరం తెలుగువాళ్లం, మిగతా ఇద్దరిదీ ఈ ఊరే. రెండు నెలలుగా వారానికి రెండుసార్లు కూర్చుంటున్నాం, పన్నెండు పాటలు వాయించగలం, అందులో సొంతవి నాలుగే. వచ్చే నెల ఒక ఫ్రెండ్ పుట్టినరోజుకు వాయించమన్నారు. మిగతా ముగ్గురూ ఎగిరి గంతేశారు గానీ నాకు మాత్రం ఇంకా చెయ్యి తిరగలేదనిపిస్తోంది, మొదటిసారే చెడగొడితే ఊళ్లో మళ్లీ ఎవరూ పిలవరేమోనని ఒకటే టెన్షన్. ఓకొనీ స్ట్రీట్ మీద చర్చి లేకుండా ఇటుక గోపురం ఒక్కటే నిలబడి ఉంటుంది కదా, ఈ ఊళ్లోనే పుట్టి పెద్ద పేరు తెచ్చుకున్న రాక్ బ్యాండ్ ఆర్‌.ఇ.ఎం. మొదటి షో అక్కడే అని మా డ్రమ్మర్ చూపించాడు. అప్పటికి వాళ్లు ఎంత సిద్ధంగా ఉన్నారు? ఆ తర్వాత షోలు ఎలా దొరికాయి?

పాత_ఏథెన్స్_వాసి:
తమ్ముడూ, నీ ప్రశ్న చూడగానే ఆగలేకపోయాను, ఎందుకంటే వాళ్ల మొదటి షో కూడా ఒక ఫ్రెండ్ పుట్టినరోజు పార్టీయే. 1980 ఏప్రిల్ 5. అప్పటికి బ్యాండ్‌కు ఖాయమైన పేరు కూడా లేదు, డిక్షనరీ తిరగేస్తుంటే కంటపడ్డ ఆర్‌.ఇ.ఎం.ను తర్వాత ఖాయం చేసుకున్నారు. గిటార్ వాయించే పీటర్ బక్ రికార్డుల షాపులో పనిచేసేవాడు, పాటలు పాడే మైకేల్ స్టైప్ అక్కడికి వచ్చే ఆర్ట్ స్టూడెంటు, అలా పరిచయం. మైక్ మిల్స్, బిల్ బెర్రీ ఇద్దరూ జార్జియాలోనే ఉన్న మేకన్‌ ఊళ్లో స్కూలు రోజుల నుంచీ కలిసి వాయించినవాళ్లు. అంటే నలుగురిలో ఇద్దరికి అనుభవం ఉంది, మిగతా ఇద్దరూ దాదాపు కొత్తవాళ్లు. నలుగురూ కలిసింది కూడా ఆ ఏడాది మొదట్లోనే, అంటే మీకూ వాళ్లకూ పెద్ద తేడా లేదు.

ఆ పాత చర్చిని అప్పటికే అద్దె ఇళ్లుగా మార్చేశారు, బక్, స్టైప్ అందులోనే ఉండేవాళ్లు. వెనక పాడుబడ్డ హాల్లో వాయించారు. సైడ్ ఎఫెక్ట్స్ అనే ఇంకో బ్యాండ్‌కు కూడా అదే రాత్రి మొదటి షో. ఇసుక వేస్తే రాలనంత జనం వచ్చారట. మీలాగే వేరేవాళ్ల పాటలు కొన్ని, సొంతవి కొన్ని. తప్పులు పోయే ఉంటాయి, కానీ వచ్చినవాళ్లు డాన్స్ చేయడానికి వచ్చారు, చేశారు. చర్చిని 1990లో కూల్చేశారు, నువ్వు చూసే గోపురం ఒక్కటే మిగిలింది. ఇప్పటికీ ఆ దారిన వెళ్తే ఒక్క నిమిషం ఆగుతాను.

చిన్నబల్బు:
పైన అన్న చెప్పింది నిజమే, అయితే ఊరి సంగతి కూడా చెప్పుకోవాలి. వీళ్లకంటే ముందు 1977 వాలెంటైన్స్ డే నాడు బీ-52స్ అనే బ్యాండ్ వాళ్లు ఇదే ఊళ్లో ఒక ఇంటి పార్టీలో మొదలుపెట్టారు. ఈ ఊరిదే ఇంకో బ్యాండ్ పైలాన్ అప్పటికే పేరు తెచ్చుకుంది. ఇక్కడ బ్యాండ్లు వాయించే 40 వాట్ క్లబ్ పుట్టింది కూడా పార్టీల నుంచే, పైలాన్ డ్రమ్మర్ ఉండే గదిలో ఒక్క 40 వాట్ల బల్బు వేలాడేది, దాన్ని బట్టే ఆ పేరు. ఇక ఆర్‌.ఇ.ఎం. వాళ్లు చర్చి షో అయిన రెండు వారాలకు ఒక కాఫీ క్లబ్‌లో వాయిస్తే పోలీసులొచ్చి ఆపించేశారు. మే నెలకల్లా టైరోన్స్‌ అనే క్లబ్‌లో ఇంకో బ్యాండ్ షోకు ముందు వాయించే అవకాశం వచ్చింది, చూస్తూ చూస్తూ అదే వాళ్ల అడ్డా అయింది. అదే ఏడాది డిసెంబరులో అట్లాంటా ఫాక్స్ థియేటర్‌లో ద పోలీస్ అనే పేరున్న బ్యాండ్ షోకు ముందు వాయించారు. అంటే చర్చి షో నుంచి ఎనిమిదే నెలలు!

ఆ జులైలో నార్త్ కరొలైనా వెళ్లినప్పుడు జెఫర్సన్ హోల్ట్ పరిచయమయ్యాడు, తర్వాత ఏథెన్స్ వచ్చేసి వాళ్ల మేనేజర్ అయ్యాడు. ఆయన నడిపే పాత నీలం వ్యాన్‌లో దక్షిణాది ఊళ్లన్నీ తిరిగారు, తిండికి మనిషికి రోజుకు 2 డాలర్లు. 1981లో మొదటి సింగిల్ (ఒకటి రెండు పాటల చిన్న రికార్డు) వేసింది వెయ్యి కాపీలే, అందులో 600 ఊరికే పంచిపెట్టడానికి పోయాయి. నాకు బాగా నచ్చేది ఈ ఏడాదిన్నరే, ఎందుకంటే గదిలో కూర్చుని ఎన్ని నెలలు వాయించినా రాని బిగువు వాళ్లకు రాత్రికో ఊళ్లో ఎవరో తెలియని జనం ముందు వాయిస్తే వచ్చింది.

వరంగల్_డ్రమ్స్:
నేను అమ్మాయిని, ఇంజినీరింగ్‌లో మా కాలేజీ ఫెస్ట్‌కు డ్రమ్స్ వాయించాను, అదే నా మొదటి షో. పాటలన్నీ నిద్రలో లేపినా వాయించేంత వచ్చు. కానీ స్టేజి మీద నున్నటి టైల్స్, కిక్ డ్రమ్ తన్నిన ప్రతిసారీ రెండంగుళాలు ముందుకు జారేది. మూడో పాటకల్లా పెడల్ అందక కుర్చీ అంచున కూర్చుని కాలు చాచి వాయించాను, పాట అవగానే లేచి మొత్తం వెనక్కి లాక్కోవడం, మళ్లీ అదే గొడవ. రెండు వారాల ప్రాక్టీసులో ఒక్కరికీ ఈ సంగతి తట్టలేదు, ఎందుకంటే మా రూములో కింద బొంత ఉండేది. అందుకే బేస్ తమ్ముడూ, పన్నెండు పాటలు ఇంకో నెల రుద్దే కంటే పార్టీ ఇంటికి ముందే ఒకసారి వెళ్లి చూసిరండి. నేల ఎలా ఉంది, ప్లగ్గులు ఎక్కడున్నాయి, పక్కింటివాళ్లు ఎంత దూరం. రాత్రి ఎన్నింటికి ఆపాలో ముందే అడగండి, పోలీసులు వచ్చాక కాదు. సొంత పాటలు నాలుగూ వరసగా పెట్టకండి, తెలిసిన పాట ఒకటి, మీది ఒకటి అన్నట్టు కలపండి.

బేస్_కుర్రాడు:
అన్నా, అక్కా, చాలా థాంక్స్. అది కూడా పుట్టినరోజు పార్టీయే అని మావాళ్లకు చదివి వినిపించాను, డ్రమ్మర్ అప్పుడే ఫోన్ తీసి సరేనని చెప్పేశాడు. నిన్న సాయంత్రం ఆ ఇంటికి వెళ్లి చూసొచ్చాం. వెనక వరండాలో వాయించాలి, నేలంతా చెక్క, బాగా నున్నగా ఉంది, ప్లగ్గులు రెండే. ఏథెన్స్‌లో ఎవరి దగ్గరైనా డ్రమ్స్ కింద పరచడానికి పాత కార్పెట్ ముక్క ఉంటే చెప్పండి, వచ్చి తీసుకెళ్తాను.