చెప్పుకోలేని తొలి ప్రేమ: మీకెలా గడిచింది?

మూడో_బెంచీ
నేను డిగ్రీ మొదటి సంవత్సరం. గే అని నాకు తెలిసింది ఇంటర్ హాస్టల్లో, పక్క మంచం అబ్బాయి వల్ల. స్టడీ అవర్‌లో అతను ఇంటిగ్రేషన్ లెక్క విడమరిచి చెబుతుంటే నాకు లెక్క తప్ప అన్నీ కనిపించేవి: పెన్ను పట్టుకునే తీరు, మణికట్టు మీది పుట్టుమచ్చ. ఆదివారం వాళ్లమ్మ తెచ్చిన పులిహోరలో సగం నా పళ్లెంలో పెట్టేవాడు. నేను ఏవేవో ఊహించుకున్నాను.

రెండో ఏడాది అతనికి వాళ్ల వీధిలో ఒక అమ్మాయి నచ్చింది. ఆ సంగతి మొదట చెప్పింది నాకే. హాస్టల్లో ఫోన్లు ఉండవు కదా, ఉత్తరం నా చేతే రాయించుకున్నాడు, నా దస్తూరీ బాగుంటుందని. దసరా సెలవుల్లో ఆ అమ్మాయి కాదంది. తిరిగొచ్చిన రాత్రి గదంతా అతని చుట్టూ చేరింది. ఒకడు టీ తెచ్చాడు, ఒకడు పాటలు పాడాడు. నేనూ ఓదార్చాను. నా బాధ మాత్రం ఎవరికీ చెప్పలేకపోయాను, ఈ రోజు వరకూ. మీలో ఎవరైనా ఆ అబ్బాయికి చెప్పారా? చెప్పాక ఏమైంది?

నాగావళి_ఒడ్డు
తమ్ముడూ, నా ఇంటర్ 1990ల చివర్లో. నేను చెప్పలేదు. మాలాంటి వాళ్ల కలయికను నేరంగా చూసే 377 అనే సెక్షన్ చట్టంలో ఉందని కూడా అప్పట్లో తెలియదు, భయం మాత్రం ఉండేది. 2009 జులైలో ఢిల్లీ హైకోర్టు అది నేరం కాదన్న రోజు పేపరు దాచుకున్నాను. 2013 డిసెంబరులో సుప్రీంకోర్టు ఆ తీర్పును కొట్టేసింది. మళ్లీ 2018 సెప్టెంబరు 6న అయిదుగురు న్యాయమూర్తులు ఒక్క మాట మీద నిలబడి, ఇష్టపడి కలిసిన పెద్దవాళ్లది నేరం కాదన్నారు. అప్పటికి నేను ఇష్టపడిన అబ్బాయికి పెళ్లయి, పిల్లలు బడికి వెళుతున్నారు. ఆ తీర్పు నా ఇంటర్ నాటికే ఉన్నా అతను నన్ను ప్రేమించేవాడు కాదు. కానీ మా అన్నయ్య భుజం మీద తల పెట్టి ఏడ్చి ఉండేవాణ్ణి.

వేపనీడ
నేను చెప్పాను. పరీక్షలయ్యాక, ఊరి చెరువు గట్టు మీద. చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత "నాకు అలా ఏమీ లేదురా, కానీ నువ్వు నాకు కావాలి" అన్నాడు. అంత మంచి మాట విని కూడా నెలల తరబడి నిద్ర పట్టలేదు. మంచివాడు కాబట్టే మరిచిపోవడం కష్టమైంది. కొన్నాళ్లు దూరంగా ఉంటానని అతనికే చెప్పి దూరమయ్యాను, అదే నన్ను నిలబెట్టింది. ఒకే గదిలో ఉంటూ మాత్రం చెప్పకండి. కాదంటే తలుపేసుకోవడానికైనా చోటుండాలి.

పల్నాటి_పిల్లాడు
నాకు అంత అదృష్టం లేదు. నేను చెప్పిన అబ్బాయి భయపడి ఇంకొకరికి చెప్పాడు, అది వార్డెన్ దాకా, అక్కడి నుంచి నాన్న దాకా వెళ్లింది. నాన్న తీసుకెళ్లిన డాక్టరు మందులతో మార్చేస్తానన్నాడు. ఆ మాటే అబద్ధం. ప్రపంచ ఆరోగ్య సంస్థ 1990లోనే గే కావడాన్ని జబ్బుల జాబితా నుంచి తీసేసింది. మద్రాసు హైకోర్టు ఆదేశాల తర్వాత 2022లో జాతీయ వైద్య కమిషన్ ఇలాంటి 'మార్పిడి చికిత్స' వృత్తిపరమైన దుష్ప్రవర్తన అని ప్రకటించింది. ఎవరైనా అలా అంటే ఈ సంగతి ముందు పెట్టండి. నన్ను నిజంగా ఆదుకున్నది తర్వాత కలిసిన మరో డాక్టరు. ఆవిడ నాన్నను కూర్చోబెట్టి, నాకు పట్టింది దిగులేనని, దానికే సాయం కావాలని చెప్పింది. గుండె మరీ బరువెక్కితే 14416కు ఫోన్ చేయండి. ప్రభుత్వ టెలీ మానస్ అది, ఉచితం, తెలుగులో మాట్లాడతారు.

పెద్దక్క
నేను గే అబ్బాయికి అక్కను. తమ్ముడు నాకు 'నేను గే' అని చెప్పలేదు. ఫలానా అబ్బాయి నాతో మాట్లాడటం మానేశాడక్కా అని వెక్కి వెక్కి ఏడ్చాడు. ఆ ఏడుపులోనే నాకు అంతా అర్థమైంది. నాకు వచ్చిన మొదటి ప్రశ్న "అన్నం తిన్నావా?" అన్నదే. రెండోది, ఆ అబ్బాయి ఎలా ఉంటాడని. అప్పుడు వాడి ముఖం చూడాలి! ఇన్నాళ్లూ లోపల దాచుకున్నదంతా తెల్లవారే దాకా చెప్పాడు. మూడో బెంచీ తమ్ముడూ, ఆ అబ్బాయికి చెప్పాలా వద్దా అన్నది తర్వాత చూసుకోవచ్చు. ముందు నీ వైపు మనిషి ఒకరికి చెప్పు.

మూడో_బెంచీ
మా పిన్ని కూతురు ఉంది, బెంగళూరులో. ఆమెకు చెప్పగలననిపిస్తోంది. అక్కా, మీ తమ్ముడు అమ్మానాన్నలకు ఎప్పుడు చెప్పాడు?

పెద్దక్క
ఇంకా లేదు. ఉద్యోగం వచ్చి, తన అద్దె తాను కట్టుకునే రోజు వచ్చాక చెబుతానన్నాడు. సరేనన్నాను. ఆ రోజు నేనూ పక్కన కూర్చుంటానని మాటిచ్చాను.